పొత్తిగుడ్డ పేలిక కట్టిన వేపరెమ్మ

మా అత్తమ్మ పోయింది. రోజూలాగే పొద్దున పాలవాడితో నీళ్ళ గురించి పోట్లాడి, పాలగిన్నె నా చేతికిచ్చి, "కాస్త నడుం వాలుస్తానమ్మాయ్" అని లోపలి గదిలోకి వెళ్ళింది. నేను టీ తీసుకుని వెళ్ళేసరికి ప్రాణం లేదు. మా ఇంట్లో ఏడుపులు విని అందరికంటే ముందు వచ్చింది పాలవాడే. ఇంకా నాలుగిళ్ళు కూడా దాటలేదట. "ఇప్పుడే గదమ్మా నన్ను తిట్టింది. ఇంతలనే ఎట్ల పోతది?" అని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి వచ్చి చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, "అమ్మా, నువ్వన్నది నిజమే. జరన్ని నీళ్ళు కలిపిన" అన్నాడు. ఏళ్ళ తరబడి అతనితో అనిపించాలని ఆమె పట్టుబట్టిన మాట అది. వినకుండానే పోయింది.

నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. అత్త శవం పక్కన కూర్చుని కోడలు నవ్విందని ఎవరైనా తప్పు పడితే పట్టనివ్వండి. ఆమె ఉంటే నాకంటే ముందు నవ్వేది.

పోయినవాళ్ళ మంచి చెప్పుకోవడం లోకం తీరు. మా అత్తమ్మ తీరు వేరు. ఇంట్లో ఏ సంగతి తేల్చాలన్నా, అది కావాలనేవాళ్ళు దాని చెడు చెప్పాలి, వద్దనేవాళ్ళు దాని మంచి చెప్పాలి. ఆమె దగ్గర పంచాయతీ అంటే అదే. ఆ లెక్కన ఆమె అంటే ప్రాణం పెట్టే నేను ఆమె తప్పులు చెప్పాలి. చెప్తాను. గొంతు పెద్దది. నా చెవిలో చెప్పిన రహస్యం ఎదురింటికి వినపడేది. గురక పెడుతూనే "నేను నిద్రపోవట్లా, ఊరికే కళ్ళు మూసుకున్నా" అనేది. నేను చేసిన పచ్చిపులుసు ఏనాడూ బాగుందనలేదు, ఏనాడూ గిన్నెలో మిగల్చలేదు. అన్నిటికీ మించి, ఒకసారి అమ్మవారి పేరు మీద ఊరందరికీ అబద్ధమాడింది. నేను చెప్పాలనుకున్నది ఆ అబద్ధం గురించే.

ఆమె పుట్టిల్లు కోదాడ. మాది సూర్యాపేట. మేము "ఏమైతది" అంటే ఆమె "ఏమవుద్ది" అనేది. పెళ్ళయి ఎన్నేళ్ళు సూర్యాపేటలో ఉన్నా ఆ యాస వదల్లేదు. ఆమె నోట రోజుకు పదిసార్లు వినపడే మాట ఒకటుండేది. "చేస్తే ఏమవుద్ది? చెయ్యకపోతే ఏమవుద్ది?" ఆవకాయలో నూనె పోయడానికీ అదే మాట, ఆడపిల్లకి సంబంధం చూడడానికీ అదే మాట.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటికి ఒక బర్రెను కొనాలనుకున్నారు. హుజూర్‌నగర్ వైపు నుంచి ఒకతను తోలుకొచ్చాడు. అతను దాని గుణగణాలు మొదలుపెట్టగానే అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "మంచి మా ఆయన చెప్తాడు. నువ్వు చెడు చెప్పు." అతను తెల్లబోయాడు. మా మామ బర్రె వద్దని పొద్దున్నుంచీ మొండికేస్తున్నాడు. అలాంటిది ఆయన చేత దాని కొమ్ములు, పొదుగు, నడక పొగిడించింది. పొగుడుతూ పొగుడుతూ ఆయనకే ఆశ పుట్టింది. ఇక అమ్మేవాడు తప్పించుకోలేక, "ఎనుక కాలు ఇసురుతదమ్మా. కుడిపక్క కూసుంటేనే. ఎడమపక్క కూసుంటే ఏమనదు" అన్నాడు. "తన బర్రె తప్పు తన నోటితో చెప్పినోడు మోసం చెయ్యడు" అని అప్పటికప్పుడు బేరం తెంపింది. ఆ బర్రె ఉన్నన్నాళ్ళూ మేము ఎడమపక్కనే కూర్చుని పాలు పిండాము. ఒక్కసారి కూడా తన్నలేదు.

మా పెద్దపాప పుట్టింది నలభైల చివర్లో. ఊళ్ళల్లో గడబిడలు సద్దుమణిగి, కోదాడ రోడ్డు మీద బస్సులు మళ్ళీ భయం లేకుండా తిరుగుతున్న రోజులు. నాకు నెలలు నిండకముందే అత్తమ్మ తన పాత నేతచీరలన్నీ దించి, ఉతికి, చించి, పొత్తిగుడ్డలు చేసి పెట్టింది. పసిబిడ్డ ఒంటికి నాయనమ్మ కట్టి కట్టి మెత్తబడిన చీరే మంచిదని మా దగ్గర అంటారు. కొత్త గుడ్డ గీరుకుంటుంది. అలా మా పాప పుట్టగానే నాయనమ్మ చీరలో పడింది.

పాపకు నాలుగో నెల నడుస్తుండగా మా వీధిలో కోరింత దగ్గు పట్టుకుంది. ఈ కాలం తల్లులు ఆ దగ్గు విని ఉండరేమో. మొదలైతే గుక్క తిప్పుకోనివ్వదు. పిల్లవాడి ముఖం ఎర్రబడి, నల్లబడి, కళ్ళు బయటికి వచ్చేస్తాయి. చివరికి గాలి లోపలికి లాక్కునేటప్పుడు ఒక కూత వస్తుంది. ఆ తర్వాత తిన్నదంతా కక్కుకుంటాడు. కాసేపు బాగుండి మళ్ళీ మొదలు. గాడిదపాలు అమ్మేవాడు గాడిదను తోలుకుని ఇంటింటికీ తిరిగేవాడు. తాయెత్తులు కట్టే ముసలాయనకు అన్నం తినే తీరిక లేదు. పెద్ద పిల్లలు నెలల తరబడి దగ్గి దగ్గి బయటపడ్డారు. పై వీధిలో ఒక పసిబిడ్డ మాత్రం బయటపడలేదు. ఆ మాట విన్నప్పటి నుంచి మా పాప తుమ్మినా పరుగున పోయి ముఖం చూసేదాన్ని.

అప్పుడే కోదాడ నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక డాక్టరమ్మ ఈ దగ్గు రాకుండా పసిపిల్లలకు సూది వేస్తున్నదని. నాకు సూది మాట వింటేనే వణుకు. చిన్నప్పుడు మా తమ్ముడికి మశూచి టీకా వేస్తే ఆ చోటు చీము పట్టి చాలా రోజులు చెయ్యి ఎత్తలేకపోయాడు. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. "మంచిగున్న బిడ్డకు జొరం తెచ్చే మందు ఎందుకత్తమ్మా? గాడిదపాలు తాపుదాం, తాయెత్తు కడదాం" అన్నాను. మా ఆయన్ని అడిగితే, "అమ్మ చెప్పింది నిజమే" అన్నాడు. నేను గట్టిగా చూసేసరికి, "నువ్వు చెప్పింది గూడ నిజమే" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, చివర ఎవరు మాట్లాడితే వాళ్ళ పక్షం.

అత్తమ్మ నన్ను తిట్టలేదు, బతిమాలలేదు. "పోయి విందాం. వింటే ఏమవుద్ది?" అంది. పాపను చీరలో చుట్టుకుని అత్తమ్మా నేనూ కోదాడ బస్సెక్కాము.

డాక్టరమ్మది బెజవాడ వైపు మాట. తెల్లచీర, మెడలో సన్నటి గొలుసుకు చిన్న శిలువ. మందు బెజవాడ నుంచి బస్సులో వస్తుందట, రంపపు పొట్టులో పెట్టిన ఐసుగడ్డల మధ్య. ఆవిడ పెట్టె మూత తీసి చూపించింది. అత్తమ్మ లోపల చెయ్యి పెట్టి చప్పున వెనక్కి లాక్కుంది. మళ్ళీ పెట్టి చాలాసేపు తియ్యలేదు. మండుటెండలో వచ్చాం మరి.

తర్వాత బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "డాక్టరమ్మగారూ, మీరు సూది వెయ్యాలంటారు. మా కోడలు వద్దంటది. అందుకని మీరు వద్దని చెప్పండి. ఇది వెయ్యాలని చెప్పుద్ది."

డాక్టరమ్మ నా ముఖం చూసింది, మీ అత్తగారికి ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు.

"నేను వద్దని చెప్పాలా?"

"మీ మందు తప్పులు మీకు తెలిసినట్టు మాకెట్టా తెలుస్తయ్యండీ?"

ఆవిడ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, కుర్చీ మా దగ్గరికి జరుపుకుని కూర్చుంది. అలా అడిగినవాళ్ళు ఆవిడకు అంతకుముందు ఎవరూ తగిలి ఉండరు. "అయితే వినండి. వేసిన సాయంత్రానికి జ్వరం వస్తుంది. తొడ వాచి ఎర్రబడుతుంది. ఎత్తుకున్నా ఊరుకోకుండా ఏడుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఎక్కడో, చాలా అరుదుగా, మూర్ఛ వచ్చిన పిల్లలున్నారని చదివాను. నేనింతవరకూ చూడలేదు. కానీ దాచను. అలాంటిదేమైనా అయితే వెంటనే తీసుకురావాలి, మిగతా సూదులు వెయ్యం. ఒక్క సూదితో పని కాదు, నెలకొకటి చొప్పున మూడు. మూడూ వేసినా కొందరికి దగ్గు రావచ్చు. వచ్చినా గట్టిగా రాదు."

అత్తమ్మ నావైపు తిరిగింది. "ఇగ నువ్వు చెప్పు." ఆమె నోట "ఇగ" రావడం అరుదు. నన్ను మా భాషలో బుజ్జగిస్తున్నదన్నమాట.

సూది మంచిదని నేనెందుకు చెప్పాలి? అయినా మొదలుపెట్టాను, ఏదో అప్పజెప్పినట్టు. "మా ఎదురింటి పిలగాడు దగ్గుతడు. వానికి ఏడేండ్లు. అంత పెద్దగున్నోడు గూడ దగ్గొస్తే గోడ పట్టుకుంటడు. ముఖం నల్లగైతది. వాళ్ళమ్మ వీపు మీద కొట్టుకుంట కూసుంటది. ఇంకేం చెయ్యలేదు." అక్కడిదాకా వచ్చేసరికి నా ఒళ్ళో నిద్రపోతున్న పాప ఛాతీ కనిపించింది. నా అరచెయ్యంత లేదు. "ఆ దగ్గు దీని గుండెల పడ్తదా అత్తమ్మా? ఇది గోడ గూడ పట్టుకోలేదు" అన్నాను. ఏడుపు ఆగలేదు.

అత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఒక్క వైపే భయపడకమ్మాయ్. రెండు వైపులా భయపడి చూడు. ఆవిడ చెప్పిన జ్వరం వస్తే తడిగుడ్డ వేస్తాం, ఎత్తుకుని తిరుగుతాం. నువ్వు చెప్పిన దగ్గు వస్తే మన చేతిలో ఏముంది? ఆ మూర్ఛ మాట నాకూ భయమే. కాకపోతే అది ఎక్కడో ఒకళ్ళకి. దగ్గు మన వీధిలోనే తిరుగుతా ఉంది." పాప గుడ్డ సర్ది, "బిడ్డ నీది. వద్దంటే ఇట్నుంచి ఇటే బస్సెక్కుదాం. నేనొక్క మాట అనను" అంది.

"ఎయ్యమను అత్తమ్మా" అన్నాను.

బయటికి వస్తుంటే డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చింది. "మూడూ పూర్తయ్యేదాకా దగ్గే పిల్లల్ని దీని దగ్గరికి రానివ్వకండి. ఇవాళ వేశాం కదా అని ధైర్యపడొద్దు" అని చెప్పింది. పాప ఏడుపులో నేనా మాట సగమే విన్నాను. అత్తమ్మ మొత్తం విన్నది.

డాక్టరమ్మ చెప్పినట్టే సాయంత్రానికి జ్వరం వచ్చింది. తొడ వాచింది. ఇంట్లో అందరం వంతులవారీగా ఎత్తుకున్నాం. మా ఆయన లాలిపాట రాక, బజారులో సరుకుల ధరలు రాగం తీసి పాడాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఒళ్ళు చల్లబడి పాలు తాగింది. నేను హమ్మయ్య అనుకుంటున్నాను. అంతలో మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒకతను మా ఇంటి ముందు ఆగాడు. మా వదినె, అంటే అత్తమ్మకు ఒక్కగానొక్క కూతురు, పిల్లల్ని తీసుకుని బండి కట్టించుకుని బయలుదేరిందట. పెద్దవాడికి దగ్గు వదలట్లేదట. సూర్యాపేట తాయెత్తు మంచిదని ఎవరో చెప్పారట. కొన్నాళ్ళు అమ్మ దగ్గరే ఉంటుందట.

అత్తమ్మ పెరట్లోకి వెళ్ళింది. చేతి నిండా వేపరెమ్మలు విరుచుకొచ్చి వీధి గుమ్మానికి కట్టింది. గడపకు పసుపు రాసింది. ఆ రోజుల్లో గుమ్మానికి వేపరెమ్మ కనిపిస్తే ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసింది, బయటివాళ్ళు గడప తొక్కకూడదు. "అత్తమ్మా, ఇది సూది జొరమే గదా. తగ్గింది గూడ. నీకేమన్న పొక్కు కనపడ్డదా?" అని పాప ఒళ్ళంతా వెతికాను.

"పొక్కూ లేదు ఏమీ లేదు. నువ్వు లోపలికి పో" అంది.

బండి వచ్చింది. వదినె కిందికి దిగి, వేపరెమ్మ చూసి అక్కడే నిలబడిపోయింది. రెండు చేతులూ జోడించింది. "అమ్మా, ఎవరికే?" అని అడిగింది. లోపలి నుంచి అత్తమ్మ, "పాపకి రాత్రి జ్వరమొచ్చిందే" అంది. అది నిజమే. "అయ్యో తల్లీ. నేను చిన్నాయన ఇంట్ల దిగుత తీ. నువ్వు పాపను సూస్కో" అని వదినె బండి తిప్పించింది. తిరుగుతుండగా బండిలో పిల్లవాడికి దగ్గు మొదలైంది. ఆ కూత మా గోడలు దాటి లోపలికి వచ్చింది. అత్తమ్మ తలుపు వెనక కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అది కూడా ఆమె మనవడి దగ్గే కదా. ఆ క్షణాన ఆమె ముఖం చూసినవాళ్ళెవరూ ఆమెను గట్టి మనిషి అనరు.

అప్పుడర్థమైంది నాకు. కన్నకూతుర్ని నీ బిడ్డ దగ్గుతున్నాడు, ఇంటికి రావద్దని ఏ తల్లి నోటితో అంటుంది? అన్నా ఎవరు వింటారు? పుట్టింటి గడప తొక్కనివ్వలేదన్న మాట ఏడు తరాలు నిలుస్తుంది. వేపరెమ్మ అంటే మాత్రం ఎవరికీ కోపం రాదు.

వదినె ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అత్తమ్మ రోజూ మా మామ తమ్ముడి ఇంటికి పోయింది. మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దగ్గు వచ్చినప్పుడు నుదురు పట్టుకుని, కక్కింది ఎత్తి, మళ్ళీ గోరుముద్దలు తినిపించి వచ్చేది. తిరిగి వచ్చి పెరట్లో తల మీద నుంచి నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని అప్పుడు ఇంట్లోకి అడుగుపెట్టేది. చలికి వణికే మనిషి కాదు గానీ, వేళకాని వేళ స్నానాలకు జలుబు మాత్రం చేసింది. జలుబు తగ్గేదాకా పాపను దూరం నుంచే పలకరించింది.

కథ ఇక్కడితో అయిపోతే ఆమె తెలివి గురించి చెప్పుకుని ముగించేదాన్ని. అయిపోలేదు. ఎదురింటామె చెల్లెలికి పాలుతాగే కొడుకున్నాడు. నీళ్ళ బావి దగ్గర అత్తమ్మ ఆమెను, "నువ్వూ కోదాడ తీసుకుపో, సూది వేయించు" అంది. ఆమె బిందె కింద పెట్టేసింది. "వద్దు పెద్దమ్మా. మీ పాపకు సూది ఏయించిన్రు, తెల్లారి అమ్మోరు పోసింది. వీధి మొత్తం గదే అంటున్రు. నేనెందుకు ఏయిస్త?" అంది.

అత్తమ్మ ఖాళీ బిందెతో ఇంటికొచ్చింది. ఆ పూట అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసింది. "చేస్తే ఏమవుద్దో అన్నీ చూసుకున్నాననుకున్నానే. ఇదొక్కటి చూసుకోలా. మన పిల్లని కాపాడుకోబోయి అందరి పిల్లలకీ సూది లేకుండా చేశా" అంది.

"నిజం చెప్పేద్దాం" అన్నాను.

"చెప్తే మీ వదినె జన్మలో నా ముఖం చూడదు. అమ్మవారి పేరు వాడుకున్నానని ఊరు ఉమ్మేస్తది. చెప్పకపోతే..." అని ఆగిపోయింది. ఆ రెండో మాట పూర్తి చెయ్యలేదు. పై వీధి పసిబిడ్డ మా ఇద్దరికీ గుర్తొచ్చింది.

తర్వాతి మంగళవారం బోనం వండింది. కొత్త కుండకు పసుపు, కుంకుమ పెట్టి, వేపాకులు చుట్టి, పైన దీపం వెలిగించి నెత్తిన పెట్టుకుంది. నన్ను పాపను ఎత్తుకుని వెనక రమ్మంది. వీధి ఆడవాళ్ళందరూ మాతో నడిచారు, పాపకు తగ్గిందని మొక్కు తీర్చుకుంటున్నాం అనుకుని. ముత్యాలమ్మ గుడి ముందు బోనం దించి, చేతులు జోడించి, ఆ పెద్ద గొంతుతో మొదలుపెట్టింది. "తల్లీ, నీ ముందు తప్పు ఒప్పుకుంటన్నా. మా పాపకి నువ్వు రాలా. వచ్చింది సూది జ్వరం. ఒక్క రోజులో పోయింది. దగ్గే పిల్లలు ఇంట్లోకి రాకుండా నేనే వేపరెమ్మ కట్టా. నోటితో ఆడలేదు తల్లీ, గుమ్మంతో ఆడా అబద్ధం. శిక్ష వేస్తే నాకెయ్యి. కోదాడ సూదికి ఏ పాపమూ తెలవదు."

అత్తమ్మ నా చేతుల్లోంచి పాపను తీసుకుని, పొత్తిగుడ్డ విప్పి, అందరి ముందూ తిప్పి చూపించింది. "చూడండి. ఒక్క పొక్కన్నా ఉందేమో చూడండి." మా పాప ఊరి ముందు ఒంటి మీద గుడ్డ లేకుండా బోసినవ్వు నవ్వి, నాయనమ్మ చీరంతా తడిపింది. ముందు ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ. గుడి దగ్గరి ముసలామె కళ్ళు తుడుచుకుంటూ, "బిడ్డ కోసమే గదనే ఆడినవ్. తల్లికి గంత తెల్వదా? ఆమె గూడ నవ్వుతున్నది సూడు" అంది.

అక్కడే, అమ్మవారి ఎదుటే, అత్తమ్మ ఇంకో మాట చెప్పింది. ఇకనుంచి పాలుతాగే బిడ్డ ఉన్న ఇంటివాళ్ళు వేపరెమ్మకు పొత్తిగుడ్డ పేలిక ముడివేసి కట్టుకోండి. పేలిక ఉంటే అది అమ్మవారు కాదు, పసిబిడ్డ ఉంది, దగ్గేవాళ్ళు బయటి నుంచే పలకరించి పొండి అని. అలాగైతే అబద్ధమూ ఉండదు, ఎవరికీ కోపమూ రాదు. మా వీధిలో అది అప్పటి నుంచి ఉంది.

రెండో సూదికి వెళ్ళినప్పుడు కోదాడ బస్సులో సగం మేమే. ఒళ్ళో బిడ్డ లేని ఆడది లేదు. కండక్టరు తల పట్టుకుని, "ఇది బస్సా, పురిటిల్లా?" అన్నాడు. అత్తమ్మ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నీకు పిల్లలున్నారా, ఎన్నో నెల అని ఆరా తీసింది. డాక్టరమ్మ మమ్మల్ని చూసి, "అందరికీ వద్దని చెప్పాలా ఇప్పుడు?" అంది. చెప్పింది కూడా. ఒక్కొక్కరికీ మొదటి నుంచి, జ్వరం, వాపు, మూర్ఛ, ఏదీ వదలకుండా. ఒకామె విని భయపడి వెనక్కి వెళ్ళిపోయింది. అత్తమ్మ ఆమెను ఒక్క మాట అననివ్వలేదు. తిరుగు బస్సులో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. తర్వాతి నెల ఆమే మా ఇంటికొచ్చి, "బస్సు ఎప్పుడు పెద్దమ్మా?" అని అడిగింది.

మా పాపకు ఆ ఏడాది చివర కాస్త దగ్గు వచ్చింది. కూత లేదు, నల్లబడడం లేదు. కొన్నాళ్ళుండి పోయింది. అది సూది చలవా, వేపరెమ్మ చలవా అంటే నేను చెప్పలేను. అత్తమ్మను అడిగితే, "రెండూ లేకపోతే ఏమయ్యేదో అది చెప్పు" అనేది.

వదినె మాత్రం విషయం తెలిసి మాట్లాడడం మానేసింది. కొడుకు దగ్గు తగ్గినా ఆమె కోపం తగ్గలేదు. అత్తమ్మ సర్వపిండి చేసి, గంప నెత్తిన పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని మిర్యాలగూడ వెళ్ళింది. వదినె గుమ్మంలోనే నిలబడి, "నాకు చెప్తే నేనే ఆగిపోదును గదా అమ్మా?" అంది.

"చెప్తే వచ్చేదానివి. వచ్చి ఎందుకు రావద్దన్నావని అడిగేదానివి" అంది అత్తమ్మ.

వదినె అబద్ధం చెప్పడం రాని మనిషి. "ఔ, అడుగుదును" అంది. గంప అందుకుంది. సర్వపిండి తింటూ, "ఉప్పు తక్కువైంది" అంది. తల్లికి తగ్గ కూతురు.

తర్వాత్తర్వాత సర్కారు దవాఖానలోనే కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం మూడింటికీ కలిపి ఒకే సూది వచ్చింది. నా తర్వాతి పిల్లలకూ, వీధి పిల్లలకూ అత్తమ్మే తోడు వెళ్ళేది. కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరునూ, "ముందు వద్దని చెప్పండి" అని అడిగేది. కొందరు విసుక్కునేవారు. కొందరు కూర్చుని చెప్పేవారు. చెప్పినవాళ్ళకు ఇంటి నుంచి మామిడికాయ పచ్చడి వెళ్ళేది. సూదిని గుడ్డిగా నమ్మమనీ, గుడ్డిగా భయపడమనీ ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. రెండు వైపులా చూసే ఓపిక ఇచ్చింది. నా జీవితంలో నేను తీసుకున్న మంచి నిర్ణయాలన్నీ ఆ ఓపికలోంచి వచ్చినవే. ఆమెకు ఈ మాట ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు. చెబితే "అయితే నా చెడు చెప్పు" అనేదని ఊరుకున్నాను.

ఆ నాలుగు నెలల పాప ఇప్పుడు రెండో కాన్పుకు మా ఇంటికి వచ్చి ఉంది. బిడ్డ పుట్టి నెల కాలేదు. నాయనమ్మ పోయిన రోజు ఇల్లంతా జనం. కోదాడ నుంచి, హుజూర్‌నగర్ నుంచి బస్సులు దిగి వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళు ఏడుస్తున్నారు, ముక్కు చీదుతున్నారు, సగం మంది దగ్గుతున్నారు. నా కూతురు కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళి, వేపరెమ్మ విరుచుకొచ్చి, బాలింత గది గుమ్మానికి కట్టి, లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

మిర్యాలగూడ నుంచి వదినె వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె ఇప్పుడు ముసలిదే. తల్లి పాదాల మీద పడి ఏడ్చి ఏడ్చి లేచింది. పసిబిడ్డను చూద్దామని ఆ గది వైపు వెళ్ళి, గడప ముందు ఆగింది. వేపరెమ్మను చూసింది. దారి పొడుగునా ఏడుస్తూ వచ్చిందేమో, ఒక దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుపులోనే నవ్వింది. "అప్పుడూ బయటనే నిలవెడ్తివి, ఇప్పుడూ బయటనేనా?" అంది. తలుపు వైపు కాదు, తల్లి పడుకుని ఉన్న వైపు చూస్తూ.

తర్వాత రెమ్మను పట్టి చూసి, లోపలికి వినపడేట్టు అడిగింది. "పేలిక ఏదే బిడ్డా?"

"మర్చిపోయిన అత్తా."

"పేలిక కట్టకుంటే అబద్ధమైతది. మీ నాయనమ్మ పరువు పోతది."

దండెం మీద అత్తమ్మ నిన్న ఉతికి ఆరేసుకున్న నేతచీర ఉంది. వదినె దాని అంచు పంటితో పట్టి బర్రున చించింది. గడపకు ఇవతలే నిలబడి, చెయ్యి మాత్రం పైకి చాపి, ఆ పేలికను రెమ్మకు ముడివేసింది. ముడి గట్టిగా పడిందో లేదోనని ఒకసారి లాగి చూసుకుంది. ఆ తర్వాత వచ్చి అరుగు మీద, దగ్గేవాళ్ళ పక్కన కూర్చుంది.